వడకట్టిన వెలుగు

2024 ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది. బందరు

తెల్లారకముందే డాలస్ నుంచి చెల్లెలి కొడుకు ఫోను. వాళ్ళకింకా నిన్న సాయంత్రమే. పండగ కబుర్లు రెండు మాటల్లో ముగించి గ్రహణం మీదికి వచ్చాడు. మధ్యాహ్నం నాలుగు నిమిషాలకు కాస్త తక్కువగా ఊరంతా చీకటి పడిందట. "మావయ్యా, మీరు చెప్పినట్టే చేశాను. ఆఖరి మెరుపు ఆరిపోయాకే టెలిస్కోపు ముందున్న ఫిల్టరు తీశాను. అవతలి అంచున వెలుగు తొంగిచూడకముందే మళ్ళీ మూసేశాను" అన్నాడు. ఆ మాట విన్నాకే గుండె కుదుటపడింది. సూర్యుణ్ణి చూసేవాడు ఫిల్టరు తీయదగిన వేళ అదొక్కటే, సంపూర్ణ గ్రహణపు ఆ కొద్ది నిమిషాలు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మూసుకుపోయినా మిగిలిన ఒక్క పాలు కంటిని కాల్చడానికి చాలు.

చంద్రుడి నల్లని అంచున గులాబీ రంగు చుక్కలు కనబడ్డాయని, కిందివైపు ఒకటైతే ఉత్త కంటికే ఆనిందని చెప్పాడు. "అవి రోజూ ఉంటాయా, గ్రహణం నాడే వస్తాయా?" అని అడిగాడు. రోజూ ఉంటాయి. అయస్కాంత క్షేత్రం పట్టి నిలబెట్టిన హైడ్రోజన్ వాయువు అది. ప్రామినెన్స్ అంటారు. దాని వెనక ఉన్న కాంతిమండలపు జిగేలు ముందు ఆ ఎరుపు మన కంటికి ఆనదు. ఆ జిగేలునంతా పక్కకు తోసి హైడ్రోజన్ ఎరుపును మాత్రం మిగుల్చుకోగలిగితే, మబ్బు లేని ఏ ఉదయమైనా చూడొచ్చు. ఆ పని చేసే టెలిస్కోపు ఈ నెలలోనే మా ఇంటికి రాబోతోంది.

ఏప్రిల్ 20, శనివారం

విజయవాడ మిత్రుడు ఊరు మారుతూ తన హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపు నాకు అమ్మాడు. ముందు కటకం 60 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 400. మేడ మీద నిలబెట్టి చూస్తే ఎర్రటి బింబం వచ్చింది గానీ సగం వెలుగే ఉంది. మధ్యలో బూడిద రంగు మరక లాంటిది అల్లుకుని ఉంది.

మరక ఎక్కడుందో ముందు తేల్చాలి. ఐపీస్‌ను దాని గొట్టంలోనే మెల్లగా తిప్పాను. మరక కదల్లేదు, అంటే ఐపీస్ మీది దుమ్ము కాదు. ఐపీస్‌కు ముందు కాంతిని పక్కకు మళ్ళించే డయాగొనల్‌ను తిప్పాను. దానితోపాటే మరకా తిరిగింది. దోషం అందులోనే ఉంది. కొత్తవాళ్ళెవరైనా ముందు నేర్చుకోవలసిన పరీక్ష ఇది. ఏ భాగాన్ని తిప్పితే మచ్చ తిరుగుతుందో ఆ భాగానిదే మచ్చ. ఇంత తెలియక, బాగున్న అద్దాలన్నీ తుడిచి గీతలు పెట్టుకున్నవాళ్ళను చూశాను.

డయాగొనల్ ఊడదీసి గదిలోకి తెచ్చి, బల్లదీపం కింద సూర్యుడి వైపు ఉండే మూతిలోకి చూశాను. అద్దంలా తళతళలాడాల్సిన గాజు, అంచుల నుంచి లోపలికి పాలు విరిగినట్టు మచ్చలు పట్టి ఉంది. అది బ్లాకింగ్ ఫిల్టరులో ఒక పొర. దాన్ని ఐటీఎఫ్ అని పిలుస్తారు. గాజు మీద వెండి లాంటి లోహపు పలుచటి పొరలు, వాటి మధ్య పారదర్శకమైన పొరలు పేర్చి తయారుచేస్తారు. ఎరుపులో ఒక చిన్న పట్టీని వదిలి, పరారుణంతో సహా తక్కినదాన్ని వెనక్కి కొట్టడం దాని పని. లోహపు పొరకు తేమ పడదు. గాజు అంచు నుంచి గాలిలోని తడి మెల్లగా లోపలికి పాకుతూ పొరను తినేస్తుంది. మిత్రుడి ఇల్లు కృష్ణ ఒడ్డున. ఎండకు పాడైందేమోనని ఆయన అనుమానం. కాదు. ఎండను భరించడానికే పుట్టిన గాజు అది. దాన్ని చంపింది వానాకాలం.

ఇలా చెడిన ఫిల్టరు సాధారణంగా బొమ్మను మసకబారుస్తుందే తప్ప వెలుగును పెంచదు. అయినా కంటికి కనబడని పరారుణాన్ని అదింకా ఎంత ఆపుతోందో కంటితో తేల్చలేం. కొత్త గాజు వచ్చేదాకా ఈ టెలిస్కోపుకు కన్ను ఆనించకూడదని నియమం పెట్టుకున్నాను. కెమెరా పెట్టి ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలి. కెమెరా పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

ఏప్రిల్ 28, ఆదివారం

బెంగుళూరులో ఒక ఆప్టిక్స్ ప్రయోగశాలలో పనిచేస్తున్న నా పాత విద్యార్థితో ఇవాళ చాలాసేపు మాట్లాడాను. "మాస్టారూ, ఎటలాన్ మాత్రం విప్పకండి" అని మొదటి మాటగా అన్నాడు. విప్పను. కారణం ఇక్కడ వివరంగా రాసిపెట్టాలి. రేపు ఈ టెలిస్కోపు ఎవరి చేతికి వెళ్ళినా ఈ పుట కూడా వెంట వెళ్ళాలి.

ఎటలాన్ అంటే ఎదురెదురుగా నిలబెట్టిన రెండు చదునైన గాజు పలకలు. లోపలి ముఖాలకు కొంత వెలుగును మాత్రమే వదిలే అద్దపు పూత ఉంటుంది. 1899లో మార్సేయిలో ఫాబ్రీ, పెరో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీన్ని ప్రపంచానికి చూపించారు. నాలాంటి వాళ్ళ టెలిస్కోపుల్లో పలకల మధ్య ఎడం 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపలికి వచ్చిన కాంతి పలకల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒక రాకపోకలో సరిగ్గా పూర్ణసంఖ్యలో తరంగాలు పట్టే రంగు మాత్రమే తనను తాను బలపరచుకుని బయటికి వస్తుంది. తక్కినవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మనకు కావలసిన హైడ్రోజన్ గీత 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంది. ఆ ఎడంలో ఒక రాకపోకకు దాని తరంగాలు ఆరువందల పైచిలుకు పడతాయి. ఇంకొక్క తరంగం ఎక్కువ పట్టే రంగు పక్కనే ఉంటుంది, ఒకటి తక్కువ పట్టేదీ ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు 10.8 ఆంగ్‌స్ట్రామ్‌లకొకటి చొప్పున సన్నని గీతలు వరుసగా బయటికి వస్తాయి. ఒక్కొక్కదాని వెడల్పు 0.7 ఆంగ్‌స్ట్రామ్.

ఆ వరుసలోంచి మనకు కావలసిన ఒక్క గీతను ఉంచి పక్కవాటిని ఆపేది బ్లాకింగ్ ఫిల్టరు. అది తెరిచే కిటికీ పది ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా సన్నం. అది లేకుండా ఎటలాన్ ఒక్కటే ఉంటే గీతలన్నీ కలిసి వస్తాయి. వర్ణమండలం కనబడదు సరికదా, కంటికి ప్రమాదం. ఎటలాన్ లేకుండా బ్లాకింగ్ ఫిల్టరు ఒక్కటే ఉంటే ఉత్త ఎర్ర బింబం వస్తుంది. ప్రామినెన్స్ ఒక్కటీ దొరకదు. ఇక అన్నిటికన్నా ముందు నిలబడే ఎర్రటి గాజు వేడిని, అతినీలలోహితాన్ని గుమ్మం దగ్గరే తిప్పి పంపుతుంది. ఏదీ మరొకదాని పని చేయలేదు. డయాగొనల్ పాడైంది కదా అని రాత్రి టెలిస్కోపుకు వాడే మామూలు డయాగొనల్ తగిలించి చూద్దామనే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఈ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

విప్పకూడదన్న దానికి లెక్క ఇది. ఆ 0.2 మిల్లీమీటర్ల ఎడంలో మూడు నానోమీటర్ల తేడా వస్తే చాలు, బయటికి వచ్చే గీత 0.1 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతుంది. పలక ఒక అంచున అంత ఎత్తు, మరో అంచున అంత పల్లం అయిందంటే బింబంలో ఒక పక్కే వివరం కనబడుతుంది, రెండో పక్క చదునైపోతుంది. పలకల మధ్య పెట్టే చిన్న చిన్న గాజు ముక్కలను చాలా ఎటలాన్లలో జిగురు లేకుండా, నున్నటి ముఖాల పట్టుతోనే నిలబెడతారు. గట్టి కుదుపు తగిలితే ఆ పట్టు వదలవచ్చు. ఆర్టీసీ బస్సులో వెళ్ళినా సరే టెలిస్కోపును పైన సామాన్ల అరలో పెట్టను. ఒళ్ళో పెట్టుకుంటాను.

మే 11, శనివారం

ప్రచారానికి ఆఖరి రోజు. పొద్దున ఆరింటి నుంచే వీధిలో మైకులు. మేడ మీద మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. ఏడు కావడానికి కాస్త ముందు తెర మీద పడమటి సగంలో ఉన్న పెద్ద మచ్చల గుంపు నడుమ ఒక చోట తెల్లబడడం మొదలైంది. చూస్తూ ఉండగానే అది రెండు పాయలుగా సాగింది. ఎక్స్‌పోజర్ తగ్గించాను. మళ్ళీ తెల్లబడింది, ఇంకా తగ్గించాను. మసక ఫిల్టరు గుండానే అంత వెలుగు. మనవరాలు పక్కనే కూర్చుని సమయం రాస్తూ పోయింది. మధ్యాహ్నానికి వివరాలు తెలిశాయి. మేం చూసింది ఎక్స్ 5.8 తరగతి సౌరజ్వాల. మన కాలమానంలో పతాక స్థాయి 6:53కి. ఆ మచ్చల గుంపు సంఖ్య 3664. వెడల్పు పదిహేను భూములంత. నిన్న రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే నుంచి ఆకాశంలో ఎర్రటి ధ్రువకాంతి కనబడిందట. ఇరవై ఏళ్ళలో ఇంత పెద్ద అయస్కాంత తుపాను రాలేదు.

ఎదురింటివాళ్ళు మచ్చను చూస్తామని వచ్చారు. చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్ము. "1980లో సంపూర్ణ గ్రహణానికి మేమంతా దీంతోనే చూశామండీ" అన్నారు పెద్దాయన. ఆనాటి ఫిబ్రవరి 16 నాకూ గుర్తే. ఫిల్ములో నలుపు ఒక చోట ఉన్నంత మరోచోట ఉండదు. కంటికి చీకటిగా తోచినా పరారుణం దాన్ని దాటి వస్తుంది. చీకటిగా ఉండడంతో కంటిపాప పెద్దదవుతుంది. దాంతో కనబడని వేడి మరింతగా లోపలికి పోతుంది. రెటీనాలో నొప్పి తెలిపే నరాలు లేవు. కాలుతున్నప్పుడు తెలియదు, కొన్ని గంటల తరవాత చూపు మధ్యలో మచ్చగా తెలుస్తుంది. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పి, ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న గ్రహణపు కళ్ళద్దాలు ఇచ్చాను. ముందుగా దీపం ముందు పెట్టి చిల్లులు, గీతలు లేవని చూపించాకే ఇచ్చాను. "అదిగో, పడమటి పక్కన చుక్క" అని ఆయన అనగానే అందరం చప్పట్లు కొట్టాం.

ఫొటోలన్నిటి మీదా నల్లటి వంపు చారలు పడ్డాయి. ఇది ఫిల్టరు దోషం కాదు. ఒకే రంగు కాంతి కావడంతో కెమెరా సెన్సరు మీద ఉన్న గాజులో అటూ ఇటూ పరావర్తనం చెంది చారలవుతుంది. కెమెరాను ఒక పిసరు వంచి బిగిస్తే పోతాయి.

మే 26, ఆదివారం

నిన్నటి నుంచి రోహిణి కార్తె. ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. జాడీ దగ్గరికి తడి చేతితో ఎవరినీ రానివ్వరు. గరిటె తుడిచి, ఎండబెట్టి, మళ్ళీ తుడిచిగాని ముంచరు. ఫిల్టర్ల పెట్టె విషయంలో నేను పాటించేదీ సరిగ్గా ఆ మడే.

బందరులో ఎండ ఎంత మండినా గాలి తడిగానే ఉంటుంది. సముద్రం అంత దగ్గర. ఈ పొద్దున మేడ మీద తేమ మీటరు 80 శాతం చూపించింది. పెట్టెలో 45 ఉంది. నలభై నుంచి యాభై మధ్య ఉంటే చాలు. మరీ ఎండగడితే ఫోకస్ గొట్టంలోని గ్రీజు గట్టిపడుతుంది. రబ్బరు అంచు ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె, అందులో సిలికా జెల్. నీలం రంగుది వద్దు. దానికి రంగునిచ్చేది కోబాల్ట్ క్లోరైడ్, విషం. పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి నారింజ రంగుది తెప్పించాను. తడి పీల్చుకుని ఆకుపచ్చగా మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెడితే మళ్ళీ నారింజ అవుతుంది. వంటకు వాడే ఓవెన్ కాదు, వేరేది.

బట్టల బీరువాలో వేసినట్టు కెమెరా పెట్టెల్లోనూ కలరా ఉండలు వేసేవాళ్ళున్నారు. వేయకూడదు. అది ఆవిరై, చల్లబడ్డప్పుడు గాజు మీదే మళ్ళీ గడ్డకడుతుంది. అగరుబత్తి పొగ, పోపు ఆవిరి కూడా గాజు మీద పలుచటి జిడ్డు పరుస్తాయి. నా పెట్టె దేవుడి గదికీ వంటింటికీ దూరంగా పుస్తకాల గదిలో ఉంటుంది.

ఏసీ గదిలోంచి టెలిస్కోపును నేరుగా మేడ మీదికి తీసుకెళ్ళి మూత తీస్తే రెండు నిమిషాల్లో గాజంతా చెమరుస్తుంది. ఆ చెమ్మ బయటి గాజు మీద ఆరిపోతుంది గానీ ఫిల్టరు అంచుల్లో చేరినది అంత త్వరగా పోదు. పెట్టె మూసే ఉంచి, ఆ పెట్టెకే మేడ మీది వేడి పట్టేదాకా ఆగాలి. దింపేటప్పుడు కూడా అంతే. బయటి గాలి వేడిగా ఉండగానే మూతలు పెట్టి గట్టిగా బిగించాలి.

తుడవడం గురించి. ఎంత తక్కువ తుడిస్తే అంత మేలు. దుమ్ము పడితే ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టడం, పోకపోతే మెత్తటి బ్రష్షు. డబ్బాలో వచ్చే ఒత్తిడి గాలి వద్దు. లోపలి ద్రవం తుంపరగా చిమ్మి మరకలు పడతాయి. వేలిముద్ర మాత్రం వదలకూడదు, చెమటలోని ఉప్పూ ఆమ్లమూ పూతను తింటాయి. లెన్స్ కాగితం మీద ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, కాగితం బరువుతోనే ఒక్కసారి లాగి పారేయాలి. అదే కాగితం రెండోసారి ఆనించకూడదు. ఇదంతా బయటికి కనబడే ముందు గాజుకు మాత్రమే. లోపలి పొరల జోలికి పోకూడదు. గాజు మీద ఒక దుమ్ము రేణువు ఉంటే బింబంలో తేడా ఏమీ రాదు. గీత పడితే అది జన్మంతా ఉంటుంది.

జూన్ 19, బుధవారం

పిల్లలకు సూర్యుణ్ణి చూపించమని ఒక బడి నుంచి పిలిచారు. పేరు రాయను. ప్రయోగశాల బీరువాలో చిన్న పాత టెలిస్కోపు ఉంది, దాని డబ్బాలో ఐపీస్‌కు బిగించే నల్లని గాజు బిళ్ళ. మీద ఇంగ్లీషులో సూర్యుడని రాసి ఉంది. ఇలాంటివి ఒకప్పుడు చౌక టెలిస్కోపులతో పాటు వచ్చేవి.

సైన్సు టీచరును పక్కకు పిలిచి కాగితం మీద లెక్క చూపించాను. 60 మిల్లీమీటర్ల కటకం మీద పడే ఎండ సుమారు రెండున్నర వాట్లు. ఆ మొత్తం కటకం వెనక చిన్న చుక్కగా కూడుతుంది. నల్ల బిళ్ళ ఉండేది సరిగ్గా ఆ చుక్క దగ్గర, పిల్లవాడి కన్ను ఉండేది దానికి అంగుళం దూరంలో. వేడికి గాజు పగిలిన క్షణాన ఆ రెండున్నర వాట్లూ కంట్లోకే. అదే ఫిల్టరు టెలిస్కోపు ముందుంటే చుక్క కట్టకముందే, విశాలంగా పరుచుకుని ఉన్నప్పుడే లక్షలో ఒక వంతు మిగులుతుంది. కటకం కూడబెట్టేది ఆ మిగిలినదాన్నే, ఇరవై అయిదు మైక్రోవాట్లు. ఫిల్టరు ఎక్కడ ఉందన్నదే ప్రాణం. టీచరుగారు లెక్క చూసి, ఆ బిళ్ళను బయట రాతి మీద పెట్టి సుత్తితో ఆవిడే పగలగొట్టారు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. పారేస్తే చెత్తలోంచి ఏ పిల్లవాడో ఏరుకునేవాడు.

ఆ టెలిస్కోపు ముందు పెట్టడానికి నేను తీసుకెళ్ళిన ఫిల్ము ఫిల్టరు చాలింది. ఈ ఫిల్ము ముడతలు పడి వదులుగా ఉంటేనే నయం. అందంగా ఉండాలని బిగలాగితే బొమ్మ చెడుతుంది. పరీక్ష ఒక్కటే, చూసే ప్రతిసారీ ముందు చీకటి గదిలో బల్బుకు అడ్డం పెట్టి సూదిమొనంత చిల్లు కూడా లేదని చూడటం. చిల్లు కనబడితే అతుకు వేయకుండా కత్తిరించి పారేయాలి. దుమ్ము పడితే ఊదాలి, అంతే. గొట్టానికి మూడు వైపులా టేపు వేశాను. మా సముద్రపు గాలి దేన్నీ నిలవనివ్వదు. వెతుకుడు గొట్టానికి మూత పెట్టి దాన్నీ టేపుతో బిగించాను. అందరూ మరిచేది దాన్నే. ఒక పిల్లాడు సరదాగా కన్ను పెట్టేదీ అందులోనే.

మచ్చలు చూసిన పిల్లల్లో ఒకమ్మాయి "ఫిల్టరు లేకుండా మచ్చ ఇంకా బాగా కనబడదా సార్?" అని అడిగింది. ఎందుకు కనబడదో బల్ల మీద దీపం పెట్టి, దాని పక్కన మిణుగురంత వెలుగు పెట్టి చూపించాను. ఆ అమ్మాయి దీపానికి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది.

జూలై 7, ఆదివారం

వాన. బెంగుళూరు శిష్యుడు కొడైకెనాల్ వెళ్ళి వచ్చాడు. 1899లో మొదలైన ఆ సౌర వేధశాలను చూసి, తన టెలిస్కోపుతో దగ్గరలోనే సూర్యుణ్ణి చూశాడట. "మాస్టారూ, కొండ మీద ఎంత తిప్పినా ప్రామినెన్స్ సరిగా రాలేదు. కిందికి దిగాక బాగుంది. ఫిల్టరు చలికి చెడిందా?" అన్నాడు.

చెడలేదు. పలకల మధ్య ఉన్నది గాలి. కొండ మీద గాలి పలుచన. సముద్రమట్టం దగ్గర గాలి వక్రీభవనం వల్ల గీత జరిగేది మొత్తం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. 2343 మీటర్ల ఎత్తున పీడనం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అంటే గీత పదింట నాలుగు వంతుల ఆంగ్‌స్ట్రామ్ నీలం వైపు జారిపోతుంది. మరి వంపు మర తిప్పితే సరిపోదా? సరిపోదు. ఎటలాన్‌ను వంచినా గీత నీలం వైపే జరుగుతుంది, ఎరుపు వైపు ఎప్పుడూ రాదు. ఒక డిగ్రీ కన్నా తక్కువ వంపుకే అర ఆంగ్‌స్ట్రామ్ పోతుంది. జారినదాన్ని వెనక్కి తేవడానికి ఆ మర పనికిరాదు. గాలి పీడనాన్ని పెంచి సరిచేసే రకం టెలిస్కోపులు కొండల మీద మేలు. వాటిని కూడా కొత్త చోట వాడబోయేముందు మూత తీసి ఆ ఊరి గాలిని లోపలికి రానిచ్చి, తరవాతే బిగించాలి.

ఆగస్టు 18, ఆదివారం

1868లో ఇదే రోజు పొద్దున గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ సంపూర్ణ గ్రహణం చూశాడు. అదే గ్రహణానికి మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మా బందరు వచ్చాడు.

జాన్సెన్ దగ్గర ఫిల్టరు లేదు. వర్ణపటదర్శిని ఉంది. సన్నని చీలిక, దాని వెనక పట్టకాలు. చంద్రుడి అంచున లేచిన ప్రామినెన్స్ మీద చీలికను నిలిపితే, అందులో ఎర్ర గీత ఒకటి, నీలం గీత ఒకటి దివ్యంగా వెలిగాయి. ఎరుపు ఇదే మన 6562.8. ప్రామినెన్స్ హైడ్రోజన్ వాయువని అక్కడికక్కడే తెలిసింది. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే ఆయనకు తోచినది వేరు. గీత అంత వెలుగుగా ఉంటే గ్రహణంతో పనేముంది? సూర్యుడి తెల్లకాంతిని పట్టకం రంగులన్నిటి మీదా పరిచి పలుచన చేస్తుంది. హైడ్రోజన్ వెలుగంతా ఒక్క గీతలోనే ఉంది కాబట్టి అది పలుచనవదు. ఆ మధ్యాహ్నం మబ్బు. మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, గుంటూరులో మామూలు ఎండలో ఆయన ప్రామినెన్స్‌ను చూశాడు. రెండు వారాలకు పైగా చూస్తూనే ఉన్నాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా అక్టోబరులో విడిగా అదే పద్ధతి కనుక్కున్నాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి.

పసుపు గీత ఒకటి ఉందని రాసుకున్నవారిలో పోగ్సన్ ఒకడు. అది హీలియం గీత. భూమ్మీద ఆ మూలకం దొరకడానికి 1895 దాకా పట్టింది.

నా ఎటలాన్ చేసేది జాన్సెన్ చీలికా పట్టకమూ చేసిన పనే. తెలుపును పక్కకు తోసి ఒక్క గీతను మిగల్చడం. ఆయన దాన్ని మొదట చేసింది కృష్ణకు అవతల, మన గుంటూరులో. గుంటూరు పిల్లలకు ఈ సంగతి బడిలో చెప్పాలి. చెప్పడానికి పాఠ్యపుస్తకంలో రావాలని ఎదురుచూడనక్కరలేదు. వచ్చే ఏడాది ఇదే తారీఖున ఈ టెలిస్కోపుతో గుంటూరు వెళ్ళి ఏదైనా బడి ఆవరణలో నిలబెట్టాలని ఉంది.

సెప్టెంబరు 2, సోమవారం

బెజవాడలో బుడమేరు పొంగి సగం నగరం నీళ్ళలో ఉంది. పాత మిత్రుడి చుట్టాల క్షేమం కనుక్కుంటూనే రోజు గడిచింది. పెట్టెలో జెల్ ఆకుపచ్చబడింది. మార్చాను.

సూర్యుణ్ణి పరిశీలించే నౌక ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచి లేచి ఇవాళ్టికి ఏడాది. అందులోని సూట్ టెలిస్కోపుకు పదకొండు ఫిల్టర్లు, ముందు వేడిని ఆపే గాజు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో దాన్ని తుడిచేవాళ్ళెవరూ లేరు. దుమ్మూ ఆవిరీ నేల మీదే, బిగించేనాడే రాకుండా చూడాలి. పుణెలో దాన్ని తయారుచేసినవాళ్ళ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

నవంబరు 3, ఆదివారం

కొత్త ఐటీఎఫ్ గాజు విదేశం నుంచి వచ్చి నెలయింది. నేరుగా బిగించలేదు. శిష్యుడికి పంపి స్పెక్ట్రోఫోటోమీటరులో పెట్టించాను. నిన్న రేఖాచిత్రం పంపాడు. 656 నానోమీటర్ల దగ్గర నిటారైన శిఖరం, ఆ పక్కల నుంచి 1100 దాకా గీత నేలను అంటుకునే ఉంది. పరారుణంలో ఎక్కడా లేవలేదు. ఈ ఒక్క కాగితం కోసమే నెలరోజులు ఆగాను. కొత్తగా కొన్న గాజును కంటికి ముందు పెట్టేవాళ్ళెవరైనా అడగవలసిన కాగితం ఇది.

ఇవాళ కాటన్ గ్లవ్స్ వేసుకుని, అంచులు మాత్రమే పట్టుకుని బిగించాను. లోహపు మెరుపున్న ముఖం సూర్యుడి వైపు ఉండాలి. తిరగేస్తే వేడి వెనక్కి పోకుండా గాజులోనే ఇంకుతుంది. డయాగొనల్‌లో దానితో ఉన్న మిగతా గాజులను ముట్టుకోలేదు. ముందు కెమెరా పెట్టి చూశాం. ఏప్రిల్‌లో ఉన్న ఎక్స్‌పోజర్‌కు బింబం తెల్లగా కాలిపోయింది. బాగా తగ్గించాల్సి వచ్చింది. మరక లేదు. డయాగొనల్ తిప్పి చూశాను, ఎక్కడా ఏమీ తిరగలేదు.

తరవాత కన్ను పెట్టాను. సూర్యుడు పతాక దశలో ఉన్నాడని అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. బింబం నిండా నల్లటి పోగుల్లా ఫిలమెంట్లు, తూర్పు అంచున రెండు పెద్ద ప్రామినెన్స్‌లు. మసక ఫిల్టరులో అయితే ఖాళీగా తోచేది గానీ, ఆ రెంటి మధ్య ఇప్పుడు సన్నని వంతెన కనబడింది. మనవరాలు వంతు రాగానే స్టూలు మీదెక్కి కుదురుగా నిలబడింది. "తాతయ్యా, ఇది కదులుతోందా?" అంది. కదులుతుంది, పది నిమిషాలాగి చూస్తే తెలుస్తుందన్నాను. రెండు బొమ్మలు గీసింది, పక్కన సమయాలు వేసింది. వంతెన రెండో బొమ్మలో తెగింది.

పాత గాజును కాగితంలో చుట్టి, పాడైనదని రాసి విడిగా పెట్టాను. పెట్టె మూత మీద కొత్త గాజు తేదీ వేశాను. ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో వానలకు ముందు ఒకసారి బల్లదీపం కింద దాని అంచులు చూడాలి. మిగిలింది డయాగొనల్ మూతి మూత. పాతది వదులైంది. ఈసారి బెజవాడ వెళ్ళినప్పుడు కొలత పట్టుకెళ్ళి బిర్రుగా ఉండే రబ్బరు మూత చేయించాలి.